దొరసాని పడమటి ముఖం

మొన్నటి వేసవిలో, ఖర్జూరపు కోతకు ఇంకా నెలన్నర ఉందనగా, సౌదీలోని బురైదాలో మా ఆసుపత్రి కంటి విభాగానికి ఒక వృద్ధ రైతు వచ్చాడు. వెంట నడివయసు కొడుకు. వారి తోట నాలుగు తరాలదట. ఈ ఏడు తండ్రిని చెట్టెక్కనివ్వాలా వద్దా అని ఇంట్లో తగవు నడుస్తోందనీ, చూపు సరిగా ఉందని డాక్టరు రాసిస్తే ఎక్కనిస్తామనీ, లేదంటే ఆయన నడుముకు కట్టుకునే తాడును తాళం వేసి దాస్తామనీ కొడుకు నాతో అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ భాష నాకు బాగానే పట్టుబడింది. తండ్రి తన రెండు చేతులనూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్లు వంకర తిరిగి, అరచేతులు బెరడు కట్టి ఉన్నాయి.

పరీక్ష చేసింది కోస్తా జిల్లాల నుంచి వచ్చిన చిన్న నర్సు. చదువురాని వారికోసం మా దగ్గర ఒక పటం ఉంటుంది. అందులో మూడు కాళ్ల గుర్తు ఒకటే నాలుగు దిక్కులకూ తిరిగి ఉంటుంది. కాళ్లు ఎటు ఉన్నాయో రోగి చేత్తో చూపాలి. వృద్ధుడు అన్ని వరసలూ తడబడకుండా చూపాడు. అనుమానం వచ్చి ఆ అమ్మాయి పటం మార్చింది. ఆయన మళ్లీ పాత పటంలోని దిక్కులనే, అదే వరసలో, అంతే ధీమాగా చూపాడు.

"అమ్మా, ఈ తాతగారు పటమంతా బట్టీ పట్టేశారండీ. ఎవరి చేతో ముందే చెప్పించుకుని వచ్చారు" అని ఆమె, పెద్ద నర్సునైన నా బల్ల దగ్గరకు వచ్చి నవ్వింది.

నాకు కోపం వచ్చింది. అది నవ్వవలసిన విషయం కాదని గట్టిగానే అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తరువాత నేను నొచ్చుకున్నాను, ఎందుకంటే నా కోపం ఆమె మీద కాదు. అది యాభై ఏళ్లకు పైగా నాలో ఉన్న కోపం. రోజూ రిజిస్టర్లు రాయడం నా వృత్తి, ఇంటి దగ్గర నోటుపుస్తకాలు రాయడం నా అలవాటు. కానీ ఈ ఒక్క సంగతిని మాత్రం ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు వరస తప్పకుండా రాస్తున్నాను.

మాది ఉత్తర తెలంగాణ. తరతరాలుగా మా ఇంటి వృత్తి కల్లు గీత. మా ఊరి పడమట ఒక బండ్లబాట తూర్పు పడమరలుగా పోయేది. దాని పక్కన మా తాత వంతుకు వచ్చిన ఈతచెట్లు నలభై రెండు. అందులో నలభై ఒకటి బాటకు ఉత్తరాన ఒకే బారుగా ఉండేవి. ఒక్క చెట్టు మాత్రం బాటకు దక్షిణాన విడిగా నిలబడి ఉండేది. దానిని మా ఇంట్లో దొరసాని అనేవారు. అందరితో కలవదు, ఆలస్యంగా పారుతుంది, తక్కువ ఇస్తుంది. కానీ దాని లొట్టి, అంటే కల్లు కుండ, దించిన రోజు కల్లు అమ్మే మండువాలో కూర్చున్నవాళ్లు మాటలు ఆపి తాగేవారు. మిగిలిన చెట్లకూ పేర్లున్నాయి: గూనిది, కవలలు, పాలది, మొండిది. మా తాత కళ్లు మూసుకుని లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి ఇది పాలది, ఇది మొండిది అని చెప్పేవాడు. కొందరు పందెం వేసి ఓడిపోయేవారు.

ఆ ప్రపంచానికి ఒక వాసన ఉండేది. చలికాలపు ఉదయాన వాకిట్లో గడ్డి మంట వేసి, కడిగిన లొట్లను దాని మీద బోర్లించి పొగబెట్టేవారు. లేకపోతే పాత పులుపు అంటుకుని కొత్త కల్లు చెడుతుంది. పొగ పట్టిన మట్టి వాసన, దాని మీద తీపి నురగ వాసన, పక్కన అవ్వ పొయ్యి మీద మాడుతున్న సర్వపిండి వాసన. మా నాయినమ్మను నేను అవ్వ అనేదాన్ని. బాపు బొంబాయి మిల్లుల్లో ఉండేవాడు, అమ్మ అక్కడే ఆయనకు తోడు. చిన్నబాపుకు చిన్నతనంలోనే కాలు విరిగి వంకరగా అతుక్కుంది కనుక చెట్టెక్కలేడు, మండువాలో పోసేవాడు. ఇంట్లో చెట్టెక్కేది తాత ఒక్కడే.

తాతకు కొన్ని నియమాలు ఉండేవి. సీజన్‌లో తొలి లొట్టి గీతవాళ్ల దేవుడు కాటమయ్యకు పోసి, మిగిలింది ఆ చెట్టు మొదట్లోనే పోయాలి. ఒక చెట్టు కల్లును మరొక చెట్టు కల్లులో కలపకూడదు. చంటిపిల్లల తల్లి అడిగితే కాదనకూడదు. అన్నింటికన్న పెద్ద నియమం గీతది. ఈతచెట్టు మెడను ఒక ఏడు తూర్పు ముఖాన గీస్తే మరుసటి ఏడు పడమటి ముఖాన గీయాలి. అలా గీసిన చెట్టు మానంతా అటొక గాటు, ఇటొక గాటుగా మెట్లు కట్టి ఉంటుంది. ఒకే ముఖాన వరసగా రెండేళ్లు గీస్తే కత్తి చెట్టు గుండెలోకి పోతుంది. "చెట్టు తన లెక్క తనే రాసుకుంటది, మనం చదువుకోవాలె అంతే" అని తాత అనేవాడు. గాట్లు లెక్కపెట్టి చెట్టు వయసు చెప్పడం నాకు అక్షరాల కన్న ముందు వచ్చిన చదువు.

మా అల్లర్లూ అక్కడే. ఆముదపు ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది. దానిని కోసుకుని, అప్పుడే దించిన లొట్టిలో ముంచి, పులవని తీపి కల్లును పీల్చేవాళ్లం. తాత తిట్టేవాడు కాదు. లొట్టి చేతిలోకి తీసుకుని, బరువు చూసి, "దీన్ల ఎలుక పడ్డట్టున్నది, రెండు కాళ్ల ఎలుక" అనేవాడు. చెట్టెక్కే మోకు తాడును, గీత కత్తిని మాత్రం నేను ముట్టకూడదు. ఆడపిల్ల ముడితే చెట్టు పారదని అవ్వ నమ్మకం. అందుచేత నాకు దక్కింది పుస్తకం.

నాకు పదేళ్లప్పుడు తాత జ్వరంతో మంచాన పడ్డాడు. ఆ సీజన్ అంతా పొరుగూరి మనిషిని పెట్టి చెట్లు గీయించారు. పరాయి చెయ్యి ఏ చెట్టును ఏ ముఖాన గీసిందో తెలియాలని తాత నన్ను పంపాడు. నేను బాట మీద నడుస్తూ ఒక్కొక్క చెట్టుకు ఎదురుగా నిలబడి, చెట్టు పేరు రాసి, దాని పక్కన గాటు కుడివైపు ఉంటే కుడి అని, ఎడమవైపు ఉంటే ఎడమ అని రాశాను. మా ఇంట్లో అంతవరకు ఎవరూ ఏదీ రాయలేదు. తాత ఆ పుస్తకాన్ని ఈతాకు చాపలో చుట్టి దూలం మీద పెట్టాడు.

జ్వరం తగ్గింది కానీ ఆ ఏడాదిలోనే తాత చూపు మందగించింది. కంట్లో పొర. మొదట కనిపెట్టింది నేనే. ఒకనాడు గుంజకు ఆరేసిన చిన్నబాపు చొక్కాను చూసి తాత "కూసో అల్లుడా, ఎప్పుడచ్చినవ్" అన్నాడు. నేను పకపకా నవ్వాను. తాత నవ్వలేదు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఎవలకు చెప్పకు బిడ్డా" అన్నాడు.

ఎందుకు చెప్పకూడదో నాకు తెలుసు. ప్రతి ఏడు సీజన్‌కు ముందు, కాటమయ్య పండుగనాడు, గీత సంఘం పెద్దలు వచ్చి ఒక్కొక్కరి చేత చెట్టెక్కించి చూసేవారు. ఎక్కలేనివాడి పేరు కొట్టేసి, వాడి చెట్లను మిగిలినవారికి పంచేవారు. పంచితే మా చెట్లు ఎవరి చేతికి పోతాయో కూడా అందరికీ తెలుసు. అప్పటికే పక్క ఊళ్లో ఒకడు చెట్టు లేకుండానే కల్లు అమ్మేవాడు. నీళ్లలో మత్తు పొడి కలిపేవాడు. అది తాగినవాళ్లు మూతులు వంకరపోయి, నాలుక మందమై గోడలు పట్టుకుని నడిచేవారు. వాడికి చెట్లు కావలసింది గీయడానికి కాదు, చూపించుకోవడానికి. ఈనాడు కల్లు వృత్తి అంటేనే తాగుబోతుల వృత్తి అని తేలికగా మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. వారు ఆ పొడి నీళ్లనే చూశారు. లొట్టికి పొగబెట్టిన చేతులను చూడలేదు. తెలియని సంగతిని తీర్పుగా చెప్పేవారి మీద నాకు ఈ వయసులో కూడా ఓర్పు లేదు.

పండుగ ముందు పదిహేను రోజులు తాత రోజూ మసక వేళ వనానికి పోయి గూనిదాన్ని ఎక్కి దిగాడు. ఎన్ని మట్టలు, ఎక్కడ ముల్లు, కత్తి ఎంత ఎత్తున ఆనాలి, అన్నీ ఒంటితో బట్టీ పట్టాడు. పెద్దలు వచ్చిన రోజున ఏ చెట్టెక్కాలో వారు చెప్పేలోపే గూనిదాని మీద ఉన్నాడు. గీత అద్దంలా వచ్చింది. సంఘం పెద్ద తల ఊపి, "మామ చెయ్యి ఇంకా పడుసుదే" అన్నాడు. కింద నిలబడిన నేను గర్వంతో ఉబ్బిపోయాను. బురైదాలో ఆ వృద్ధుడు పటాన్ని చూపిన తీరు చూసినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఈ ఘడియే.

ఇక మిగిలిన చెట్లను గీయాలి. పోయినేడు పరాయి మనిషి గీసిన ముఖాలు తాతకు తెలియవు, కంటికి ఆనవు. దూలం మీది పుస్తకం దిగింది. తాతకు కుడి, ఎడమలతో పని లేదు. ఆయనవి పొద్దుపొడుపు, పొద్దుగూకు. కనుక నేను కొత్త పుస్తకం కుట్టి, గీతలు కొట్టి, పాత రాతనంతా అందంగా ఎత్తి రాశాను. కుడి అని ఉన్నచోట తూర్పు, ఎడమ అని ఉన్నచోట పడమర. ఉత్తరాన ఉన్న బారుకు ఎదురుగా నిలబడితే కుడి తూర్పే అవుతుంది. నలభై ఒక్క చెట్లకూ అది సరిపోయింది. దొరసాని బాటకు అవతల, దక్షిణాన ఉంది. దానికి ఎదురుగా నిలబడినప్పుడు నా కుడిచెయ్యి పడమరకు ఉంటుంది. ఆ సంగతి నాకు తట్టలేదు. దాని పక్కన ఉన్న కుడిని కూడా, మంచి దస్తూరితో, తూర్పు అని రాశాను.

దొరసాని వంతు వచ్చిన ఉదయం మంచు పడుతోంది. తాత నడుముకు ముత్తాదు పట్టీ కట్టుకుని, మోకు వేసి ఎక్కాడు. పైన చాలాసేపు ఆగిపోయాడు. అరచేత్తో మెడను అటూ ఇటూ తడిమాడు.

"బిడ్డా, పోయినేడు ఏ మొగాన ఉన్నది?"

"పొద్దుపొడుపు మొగాన తాతా. ఇగ ఈయేడు పొద్దుగూకు దిక్కు గీయాలె."

"నా చేతికేమో పొద్దుగూకు దిక్కే పచ్చిగ తాకుతాంది."

"పుస్తకంల తూర్పనే ఉన్నది తాతా."

తాత మెడను మరొకసారి తడిమాడు. తరువాత తాత అన్నాడు: "చెయ్యి మరుస్తది బిడ్డా. రాత మరువది."

కత్తి పడమటి ముఖాన పడింది.

ఆ సీజన్ దొరసాని ఎన్నడూ లేనట్టు పారింది. పొద్దున లొట్టి, మాపున లొట్టి, రెండూ నిండేవి. మండువాలో పండుగలా ఉండేది. దొరసానికి ఇన్నేళ్లకు దయ పుట్టిందని చిన్నబాపు అందరికీ చెప్పుకున్నాడు. అవ్వ శనగ గుడాలు ఉడికించి ఉచితంగా పంచింది. తాత ఒక్కడే తాగేముందు లొట్టిని ముక్కు దగ్గర ఎక్కువసేపు పెట్టుకునేవాడు. ఒకసారి, "దీని వాసన మారింది" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అది దయ కాదని, గుండె తెగి కారుతున్నదని మాకు తెలియదు.

చలి వెనకబడే రోజుల్లో ఒక మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. నేను బడిలో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు. బాట దగ్గరకు పరుగెత్తాను. దొరసాని మెడ దగ్గర విరిగి, తల మట్టలతో సహా బాటకు అడ్డంగా పడి ఉంది. లొట్టి పగిలి, తెల్లని నురగ దుమ్ములో ఇంకుతోంది. తాత పడిన తల దగ్గర గొంతుక్కూర్చుని విరిగిన చోటును వేళ్లతో తడుముతున్నాడు. సంఘం పెద్ద, మరి ఇద్దరు అప్పటికే వచ్చి ఉన్నారు. వారు చూడవలసింది చూశారు: ఒకే ముఖాన, ఒకదాని మీద ఒకటి, రెండు గాట్లు.

"మామా, ఒక్క మొగాన రెండేండ్లు ఎవలు గీసిండ్లు?" అని పెద్ద అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, నమ్మలేనితనం ఉంది.

పుస్తకం నా సంచిలోనే ఉంది. పరుగెత్తి వచ్చిన ఆయాసంలో దానిని గుండెలకు అదుముకుని నిలబడ్డాను. తాత నేను వచ్చిన అడుగుల చప్పుడు విన్నాడు. నా వైపు తల తిప్పాడు, మళ్లీ తిప్పుకున్నాడు.

"నేనే గీసిన. కండ్లు ఆనుతలేవు. ఏడాది సంది ఆనుతలేవు. మీకు చెప్పలే" అన్నాడు.

 ఇందులో దాచవలసింది ఏమీ లేదు: మాట నా నాలుక మీద ఉంది, నేను చెప్పలేదు.

తాత లేచి, నడుము నుంచి ముత్తాదు విప్పి, కత్తిని, మోకును దాని మీద పెట్టి సంఘం పెద్ద చేతికి ఇచ్చాడు. ఆయన రెండు చేతులతో అందుకుని, కొంచెం వంగి, "ఇంట్లనే ఉంచుకో మామా, సామాను నీదే" అని తిరిగి ఇచ్చేశాడు. చెట్లను మాత్రం వారం లోపల పంచారు.

ఆ సాయంత్రం నేను అవ్వ ముందు ఏడుస్తూ పుస్తకం తెరిచి చూపాను. అవ్వకు చదువు రాదు, కానీ అర్థమయింది. పుస్తకాన్ని లాక్కుని పొయ్యి దగ్గరకు నడిచింది. మనకు రాతలు అచ్చిరావని, రేపటి నుంచి పిల్ల బడికి పోదని, బీడీలు చుట్టడం నేర్పిస్తానని అన్నది. తాత గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లేవలేదు, గొంతు పెంచలేదు.

"చెట్టు పోయింది. రాత గూడ పోవాల్నా?" అని అడిగాడు.

అవ్వ చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడింది. తరువాత పుస్తకం తెచ్చి నా ఒడిలో పడేసింది. మరునాడు తాత నన్ను బడికి పంపించాడు. ఆ తప్పు ఎవరిదన్న మాట ఆయన బతికి ఉన్నంతకాలం ఆ గడప దాటలేదు.

వనం కథ త్వరగానే ముగిసింది. పంచుకున్నవారిలో ఇద్దరు తమ వంతును పొడి కల్లువాడికి వదిలేశారు. వాడు ముఖాలు చూడకుండా గీయించాడు. కొన్నేళ్లలో బారు పలచబడింది, తరువాత బాట రోడ్డయింది. గూనిది, కవలలు, పాలది, మొండిది — ఈ పేర్లు తెలిసినవారు ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. తాత చివరి రోజుల్లో చిన్నబాపు బజారు నుంచి ఏదో సీసా తెచ్చి పోస్తే, వాసన చూసి పక్కన పెట్టి, "దీనికి పేరు లేదు" అన్నాడు.

నర్సు బడిలో చేరిన మొదటి వారం ఒక పాఠం చెప్పారు. రోగి కాగితంలో కుడి అంటే రోగి కుడి, ఎడమ అంటే రోగి ఎడమ. మీరు ఎదురుగా నిలబడి ఉన్నారు కనుక మీ చెయ్యిని బట్టి రాయకండి, రాస్తే మంచి కన్ను కోస్తారు. చుట్టూ ఉన్న పిల్లలు బుద్ధిగా రాసుకుంటున్నారు. నేను కలం పట్టుకోలేకపోయాను. టీచరమ్మ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను. అది ఎనిమిదేళ్లు ఆలస్యంగా అందిన పాఠమని ఆమెకు ఎలా చెప్పను?

ఇక బురైదా వృద్ధుడి సంగతి. కొడుకును బయట కూర్చోబెట్టి ఆయనతో ఒంటరిగా మాట్లాడాను. దాచిపెట్టే పని లేకపోయేసరికి ఆయన మెత్తబడ్డాడు. తన చెట్లకు పేర్లున్నాయని, ఒక్కొక్కదాని మట్టలు చేతికి తెలుసునని, మనుమలకు సంచులలోకి ఎత్తే పండు తెలుసు గాని ఏ చెట్టు పండో తెలియదని చెప్పాడు. ఈ కోత ఒక్కటీ అయ్యేదాకా చూపు బాగుందని రాయమని వేడుకున్నాడు. రాయలేనన్నాను. మా తాత కూడా మీలాగే చెట్టును బట్టీ పట్టాడని, చెట్టు పడిపోయిందని చెప్పాను. మా తాత చెట్టు ఏమిటో, అందులోంచి ఏమి తీసేవాడో చెప్పలేదు. ఈ దేశంలో అది చెప్పే మాట కాదు. ఆయన అడగలేదు కూడా. మనిషికి ఏమయిందని అడిగాడు. మనిషికి ఏమీ కాలేదన్నాను. "అయితే చెట్టుకే ఎక్కువ దెబ్బ" అన్నాడు, ఎంతో దిగులుగా.

తరువాత నేను చేయవలసింది చేశాను. కుడి కంటి పొర ముదిరిందని, ఎడమది ఇంకా పలచనిదని డాక్టరు తేల్చాడు. కోతకు ముందే కుడి కంటికి ఆపరేషన్ చేయవచ్చునా అని నేను ఆయననే నిలబెట్టి అడిగి, తేదీ తీసుకున్నాను. ఈ ఏడు తండ్రి చెట్టు కింద కుర్చీ వేసుకుని పండు వాసన చూసి చెబితే వరసగా కాగితం మీద రాసుకొమ్మని కొడుక్కు చెప్పాను. చిన్న నర్సును పిలిచి, పొద్దున కసిరినందుకు మన్నించమన్నాను.

రిజిస్టరులో రాసే ముందు నా అలవాటు ప్రకారం లేచి వెళ్లి, ఆ వృద్ధుడి కుడి భుజం మీద చెయ్యి వేసి, ఇది మీ కుడేనా అని అడిగాను. ఆయన నవ్వాడు. ఇంత వయసు వచ్చి ఇంత చదివి కుడి ఎడమలు తెలియవా అని కొడుకును కేకేసి మరీ చెప్పాడు. తెలియకనే అడుగుతున్నానన్నాను. కుడి అని రాశాను.

ఇంటికి వచ్చాక నా సొంత నోటుపుస్తకం తీశాను. అందులో ఒక కొత్త పేజీ మీద గీతలు కొట్టి, ఒకే ఒక వరస నింపాను.

దొరసాని. బాటకు దక్షిణం. గీసింది తాత. తప్పిన రాత నాది.